సొంత నంబర్ నుంచి వచ్చిన ఫోను

హలో... హలో... ఆఁ, వినబడుతోందా? సిగ్నల్ ఉన్నదా మీ దగ్గర? అందరికీ నమస్తే, మన భాయ్‌లకు సలాం, బెహన్‌లకు ఆదాబ్. తిన్నారా? తినకపోతే ప్లేటు పక్కన పెట్టుకునే చదవండి, ఏం ఫరక్ పడదు. ఇది తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె నాటి కథ. బస్సులు డిపోల్లో పండుకున్నాయి, బడులకు తాళాలు పడ్డాయి, కరెంటు దాని ఇష్టం వచ్చినప్పుడు వచ్చి ఇష్టం వచ్చినప్పుడు పోయేది. మన మజర్ అప్పుడు జగిత్యాలలో డిటెక్టివ్ ఆఫీసు నడిపేవాడు. డిటెక్టివ్ అంటే పిస్తోలు, నల్ల కోటు అనుకోకండి. గల్ఫ్ పెళ్లికొడుకులు చెప్పే జీతం నిజమా, ఉద్యోగం నిజమా, అక్కడ ఇంకో సంసారం ఉన్నదా అని ఆడపిల్లల తల్లిదండ్రుల తరఫున కనుక్కునే పని. అలాంటి మనిషి నెత్తిన ఖూనీ కేసు విప్పే పని పడింది. ఇక వినండి.

*

మజర్ కుర్చీ చూపించినా వహీదాబీ కూర్చోలేదు.

"మజర్ భాయ్, నా కొడుకు ఖూనీ జేసెటోడే అయితే నేనే పోలీసులకు పట్టిస్తుంటి. ఆడు కోడిని కోయమంటెనే మొఖం తిప్పుకుంటడు. ఇయాల పొద్దుగూకకముందే కరీంనగర్ జైలుకు తోలుతరట. లోపలికి పోయినంక మా అసోంటోళ్ల బాధ ఎవ్వలు వింటరు?"

"కూసో ఆపా. నీళ్లు తాగు."

"నీళ్లు వద్దు. నా కొడుకు గావాలె."

మజర్ అడ్డగోలుగా ధైర్యం చెప్పే మనిషి కాదు. ముందు కేసు పూర్తిగా విన్నాడు. కోరుట్లలో సాయన్న అనే ఆసామి మంగళవారం పొద్దున తన ఇంటి ముందరి గదిలో చచ్చిపడి ఉన్నాడు. తల వెనక ఇనుప రాడ్డు దెబ్బ. ఆ ఇంటికే ముందువైపు ఒక షెటర్ ఉంది. అందులో వహీదాబీ కొడుకు పాషా మొబైల్ షాపు నడుపుతాడు. దెబ్బ కొట్టిన రాడ్డు పాషాదే, షెటర్ కిందికి గుంజేది. షాపు ఖాళీ చెయ్యమని సాయన్న, చెయ్యనని పాషా ముందురోజే వాడకట్టంతా వినేటట్టు కొట్లాడుకున్నారు.

ఇంతవరకే అయితే ఏ వకీలైనా లాక్కొస్తాడు. రాడ్డు ఎప్పుడూ సందులో గోడకు ఆనించే ఉంటుంది, ఎవడైనా తీసుకోవచ్చు. కొట్లాడినవాళ్లందరూ చంపుకుంటే ఊళ్లో మనుషులే మిగలరు. కానీ మూడో సాక్ష్యం ఒకటుంది. సాయన్న తమ్ముడు ప్రకాశ్ బహ్రెయిన్‌లో ఒక పెద్ద కంపెనీలో ఫోర్‌మన్. చావు ఘడియలో అన్నతో ఫోన్లో మాట్లాడుతున్నది అతనే. "అన్న 'పాషా, వద్దురా' అని మొత్తుకున్నడు. దెబ్బ పడ్డ చప్పుడు నా చెవుల ఇన్న. కొద్దిసేపటికి లైన్ కట్టయింది" అని ఫోన్లోనే పోలీసులకు చెప్పాడు. ఫోను బహ్రెయిన్ నుంచే వచ్చినట్టు కాల్ రికార్డు కూడా ఉంది.

సముద్రం అవతల ఉన్నవాడికి అబద్ధం చెప్పాల్సిన పనేముంది అనుకుంటారు అందరూ. మజర్ కూడా ముందు అట్లాగే అనుకున్నాడు. అయినా తన ఓమ్ని వ్యాను తాళం చేతిలోకి తీసుకున్నాడు.

"సాయన్న భార్య ఏడున్నది?"

"సిరిసిల్లల, తల్లిగారింట్ల."

*

సిరిసిల్లలో ఆ వాడకట్టు నిండా సాంచెలే, అంటే మరమగ్గాలు. ఆ చప్పుడులో మామూలు మాట కూడా తిట్టినట్టే వినిపిస్తుంది. సాయన్న భార్య రుక్కమ్మ తల్లి ఎల్లవ్వ మాత్రం నిజంగానే తిట్టింది.

"పాషా గాని దిక్కు నుంచి అచ్చినవా? నా బిడ్డ బొట్టు తుడిపి ఇంక ఏం అడుగుతందుకు అచ్చిండ్రు? నడువు బయటికి!"

"అవ్వా, రెండు మాటలు అడిగి పోత. తప్పుంటే చీపురు తిరగేయి, నేను కదల."

ఎల్లవ్వ చేతిలో చీపురు నిజంగానే ఉంది. రుక్కమ్మ లోపలి నుంచి వచ్చి గడప దగ్గర కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ఆమె మొహం ఎండిపోయింది, ఇక కోపమే మిగిలింది.

"అడుగు. మీ మీ మనుషుల్ని కాపాడుకుంటందుకేనాయె ఈ తిప్పలు. అడుగు."

"చెల్లె, ఆ పొద్దు ఫోన్ మోగితే ఎవ్వలు చూసిండ్రు?"

"నేనే. వంటింట్ల పెట్టి మర్చిపోయిండు. తీస్కపోయి చేతికిచ్చిన. నీ తమ్ముడు జేస్తుండని చెప్పిన."

"ఎత్తకముందే తమ్ముడని ఎట్ల ఎర్కయింది?"

"ఫోటో పడ్డది గదా తెర మీద. మా మరిది ఫోటో. నాకు చదువు రాకపోతేంది, మనిషి ఎర్కలేదా?"

"ఎప్పుడు జేసినా గట్లనే ఫోటో పడ్తదా?"

ఇదేం ప్రశ్న అన్నట్టు రుక్కమ్మ నోరు తెరిచింది. అంతలో ఏదో గుర్తొచ్చి తల్లి వైపు తిరిగింది. సాంచెలు దడదడ కొట్టుకుంటూనే ఉన్నాయి.

"పడదు," అంది మెల్లగా. "ఎన్నడు పడలే. ఎప్పుడు జేసినా వంకర టింకర నంబర్లు వస్తయి. ఒకపారి పొడుగుది, ఒకపారి మూడే అంకెలు. ఇంట్ల ఎత్తెదాక ఎవ్వలో తెల్వది."

గల్ఫ్ మనిషి ఉన్న ప్రతి ఇంట్లో ఈ సంగతి తెలిసిందే. అక్కడి సిమ్ము నుంచి నేరుగా ఇంటికి మాట్లాడితే జీతం ఆవిరైపోతుంది. అందుకే అందరూ చవకగా దొరికే నెట్ కాల్ కొంటారు. దాంతో చేస్తే ఇక్కడ ఏ దేశం నంబరో పడుతుంది. ఆపద వచ్చినా అంతే, పండుగ వచ్చినా అంతే. పైగా అక్కడ సెలవు శుక్రవారం. మంగళవారం పనిపూట, సొంత నంబర్ మీద, తాపీగా కబుర్లు చెప్పే గల్ఫ్ మనిషిని మజర్ తన సర్వీసులో ఒక్కణ్నీ చూడలేదు.

తన పేరూ నంబరూ రికార్డులో ఎక్కాలని కావాలనుకున్నవాడు తప్ప.

"ఫోన్ ఇచ్చినంక నువ్వేడికి పోయినవు చెల్లె?"

"వంటింట్లకే. పల్లీల చట్నీ పడుతున్న. మిక్సీ మోతల నాకు ఏం వినవడలే. 'పాషా' అన్నడట, అదిసుత వినవడలే." ఆమె గడపను గట్టిగా పట్టుకుంది. "మిక్సీ బంద్ జేస్తే వినవడునేమో..."

"నువ్వే బంద్ జేసినవా?"

"లేదు, కరెంటు పోయింది. మిక్సీ ఆగింది. ఆగిందో లేదో, ముందరర్రల ఫోను టీఁ టీఁ టీఁ అని కొట్టుకున్నది. లైన్ కట్టయితే మోగుతది చూడు, గట్ల. మాటలు అయిపోయినయేమో అనుకొని చాయ్ కావాల్నా అని పిలిసిన. పలుకలే. పోయి చూస్తే..."

ఎల్లవ్వ చీపురు కింద పెట్టి బిడ్డ వీపు మీద చెయ్యి వేసింది.

మజర్ మనసులో లెక్క వేసుకున్నాడు. మిక్సీ ఆగినప్పుడే ఫోను తెగింది. సాయన్న చేతిలోది బ్యాటరీతో నడిచే ఫోను. టవర్ దగ్గర డీజిల్ ఇంజను ఉంటుంది. కోరుట్లలో కరెంటు పోతే ఆ రెండింటికీ నొప్పి లేదు. బహ్రెయిన్‌కు అసలే లేదు. మరి ఆ లైను మధ్యలో కోరుట్ల కరెంటు మీద బతుకుతున్నది ఏమిటి?

"చెల్లె, కోరుట్లకు నడువు. ఇప్పుడే."

"ఎందుకు?"

"నీ పెనిమిటిని సంపినోడు బయటున్నడు. నా మాట అబద్ధమైతే నడి బజార్ల నా మొఖం మీద ఉమ్మి వాపస్ రా. అడ్డం జెప్ప."

రుక్కమ్మ తల్లి వైపు చూసింది. ఎల్లవ్వ మజర్‌ను కిందికీ మీదికీ చూసి, "ఉమ్ముడు మర్చిపోకు బిడ్డా," అని పంపించింది.

కథలాపూర్ దగ్గర సమ్మె వాళ్లు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. వ్యాను ఆపి, జై తెలంగాణ అనిపించి, చెరో విస్తరి చేతిలో పెట్టారు. తినకుండా కదిలేది లేదన్నారు. భర్త పోయిన తర్వాత రుక్కమ్మ కడుపు నిండా తిన్నది అదే మొదటిసారి.

*

కోరుట్లలో సాయన్న ఇంటి ముందు పోలీసు వ్యాను ఇంజను ఆన్ చేసే ఉంది. లోపల పాషా, చేతులకు బేడీలు; జైలుకు తోలే ముందు పంచనామా కోసం తెచ్చారు. మజర్ కంటే ముందే ఎవరి బండో పట్టుకుని చేరిన వహీదాబీ వ్యాను కిటికీకున్న ఇనుప జాలీని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఆమె వేళ్లు విడిపించలేక ఒక కానిస్టేబుల్ తిప్పలు పడుతున్నాడు.

మజర్ జాలీ దగ్గరికి పోయి ఒకే ప్రశ్న అడిగాడు.

"పాషా, ప్రకాశ్ పోయినపారి సెలవుల అచ్చినప్పుడు నీ షాపుల వైఫై వాడిండా?"

"వాడిండు భాయ్. పాస్‌వర్డ్ నేనే కొట్టిచ్చిన. ఈడ కుర్సీల కూసోని ఆడి నంబర్ మీద్నే మాట్లాడేది. ఇనుప షెడ్ల లోపట, సెల్లార్ల టవర్ అందదని వాళ్ల కంపెనీ ఇచ్చిందట గా ఫోన్. వైఫై ఉంటే టవర్‌తోటి పనే లేదని మస్తు మురిసిండు."

"ఏయ్ మజరూ!"

సీఐ రాజేశం గడపలో నిలబడి ఉన్నాడు. ఇద్దరికీ పాత పగ. సీఐ తోడల్లుడి కొడుకు సంబంధాన్ని చెడగొట్టిన రిపోర్టు మజర్‌దే.

"పెండ్లి పిలగాండ్ల చెప్పుల సైజు కొలిచేటోనివి, ఖూనీల కాడికి ఎందుకు అచ్చినవ్? సమ్మెల గిరాకి లేదా?"

"పెండ్లి పిలగాండ్లను పట్టుకునుడు ఖూనీకోర్లను పట్టుకునుడు కన్నా కష్టం సార్. వాళ్ల అబద్ధానికి ఇంటిల్లిపాది సాక్ష్యం చెప్తరు."

"ముయ్యి. లోపలికి కాలు పెట్టినవంటే పాషా గాని పక్కన్నే కూసోబెడ్త."

అప్పుడు రుక్కమ్మ మజర్ ఓమ్ని దిగింది. సీఐ పక్క నుంచి నడిచి గడప దాటింది.

"నా ఇంట్లకు నేను పోతున్న. గీ మజర్ అన్నను నేనే పిలిసిన. నువ్వు సుత రా సార్."

సీఐ పళ్లు కొరుక్కున్నాడు. కానీ ఇల్లు ఆమెది.

ముందరి గది చిన్నది. ఒక నవారు మంచం, ఒక కుర్చీ, రోడ్డు వైపు ఒక కిటికీ. నేలమీద మరక కడిగినా పోలేదు. కుర్చీ వెనక గోడకు అవతల పాషా షాపు. మజర్ గోడను వేళ్లతో తట్టాడు, ఒక్క ఇటుక మందం. కుర్చీ దగ్గర నిలబడి తన ఫోన్ తీసి చూశాడు. తెరమీద పాషా మొబైల్స్ అని వైఫై పేరు కనబడుతోంది, గీతలు నిండుగా ఉన్నాయి.

"సార్, షాపుకు సీలు ఎవ్వలేసిండ్రు?"

"నేనే."

"సీలు ఏసిండ్రు గని స్విచ్చి బంద్ జెయ్యలే. బయటికి పోయి షెటర్ కింది సందుల నుంచి చూడుండ్రి. వైఫై డబ్బా లైటు పచ్చగ మిణుకు మిణుకు మంటుంది. కరెంటు ఉన్నంతసేపు అది పనిజేస్తనే ఉన్నది."

"అయితే ఏంది? దానికి బిల్లు నువ్వు కడ్తవా?"

"ప్రకాశ్ ఫోను రెండు తొవ్వలల్ల నడుస్తది సార్. ఒకటి టవర్, రెండోది వైఫై. వైఫై దొరికిందంటే ఇంటర్‌నెట్ మీదికెల్లి సీద పోయి బహ్రెయిన్ ఫోన్ కంపెనీ దర్వాజ కాడ నిలవడ్తది. గా కంపెనీకి ఫోను కోరుట్లల ఉన్నదా, కొడిమ్యాలల ఉన్నదా పట్టదు. తన ఇంట్లనే ఉన్నట్టు రాసుకుంటది. పోయినేడు ఒక పెండ్లికొడుకు నిజామాబాద్‌ల మామిడితోటల పండుకొని గల్ఫ్‌ల ఉన్న అని ఆర్నెల్లు నమ్మిచ్చిండు. వాని చేతుల సుత గసొంటి ఫోనే."

"అంటే... ప్రకాశ్ ఈడికి అచ్చిండంటవా?"

"అన్నకు ఫోన్ కలిపిండు. మాట్లాడుకుంట, మాట్లాడుకుంటనే గీ దర్వాజల నుంచి లోపలికి అచ్చిండు. చేతుల రాడ్డు. పని అయినంక గూడ లైను కట్ జెయ్యలే, రికార్డు పొడుగు కావాలె గదా. గంతల కరెంటు పోయింది. డబ్బా సచ్చింది, లైను తెగింది. మిక్సీ, ఫోను ఒక్కపారే ఆగినయి. అడుగుండ్రి చెల్లెను."

రుక్కమ్మ తల ఊపింది.

"ఒక్కపారే ఆగితే ఉరిశిక్ష వేస్తరా?" సీఐ గొంతు పెంచాడు. "బహ్రెయిన్‌ల లైన్లు తెగయా? మస్తు తెగుతయి!"

"కోరుట్ల టవర్ వాళ్లను అడుగుండ్రి. డబ్బా సచ్చినంక ఆ ఫోను టవర్‌ను ఎతుక్కుంటది. బయటి దేశం సిమ్ము సుట్టం లెక్క ఒక్క నిమిషమన్న తగిలి ఉంటది."

"సమ్మెల ఏ ఆఫీసు తెరిచి ఉన్నది, ఎవ్వన్ని అడగాలె? అవన్ని వచ్చేదాక నేను ముద్దాయిని ఇంట్ల పెట్టుకొని సాదాల్నా?" సీఐ రుక్కమ్మ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. సొంత తమ్ముడు అన్నను ఎందుకు సంపుతడు?"

ఆమె నవారు మంచం అంచున కూర్చుంది.

"మెట్‌పల్లి రోడ్డు మీది జాగ," అంది. "మరిది పంపిన కష్టంతోటి కొన్నది. మా ఆయన తన పేరు మీద జేపిచ్చుకున్నడు. నేను వద్దన్న. ఇనలే. పోయినపారి అచ్చినప్పుడు ప్రకాశ్‌కు తెల్సింది. అన్నం ముందల్నుంచి లేచిపోయిండు."

చచ్చిన మొగుడి తప్పు పోలీసుల ముందు చెప్పడం ఆమెకు ఎంత కష్టమైందో మజర్‌కు తెలుసు. ఆమె వైపు చూడకుండా కిటికీ వైపు తిరిగాడు.

సీఐ మాత్రం నవ్వాడు. జేబులోంచి ఫోను తీశాడు.

"మజరూ, నీ కథ ఇక్కడ్నే ఖతం జేస్త. ప్రకాశ్‌కు నేనే ఫోన్ కొడ్త. గా దేశం పోయినోని మాట, ఆడి పని చప్పుడు నీ చెవుల్తోటి ఇను. ఇన్నంక జగిత్యాలకు పోయి పెండ్లికొడుకులను లెక్కపెట్టుకో. పాషా గాడు కరీంనగర్ పోతడు."

బహ్రెయిన్ నంబర్ నొక్కి, అందరికీ వినిపించేటట్టు స్పీకర్ పెట్టాడు. చాలాసేపు మోగింది. బయట వ్యాను డ్రైవరు ఇంజను రేసు చేశాడు. వహీదాబీ ఏదో అరిచింది.

"హలో..." గొంతు మెల్లగా ఉంది. "ఎవ్వలు?"

"నేను సీఐ రాజేశం. ఏం ప్రకాశ్, ఏడున్నవు?"

"సైట్ల ఉన్న సార్. సూపర్‌వైజర్ పక్కన్నే ఉన్నడు, గట్టిగ మాట్లాడరాదు. ఏమన్న ఉన్నదా సార్? పాషాను పంపిచ్చిండ్రా?"

సీఐ మజర్ వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. విన్నావా అన్నట్టు.

అప్పుడే బజారు మలుపులో డప్పులు మోగాయి. ర్యాలీ వస్తోంది. కిటికీలోంచి వందల గొంతులు ఒక్కసారిగా లోపలికి దూకాయి.

"జై తెలంగాణ!"

గది ఒక్క ఊపిరి సేపు నిశ్శబ్దంగా ఉంది. తర్వాత సీఐ చేతిలోని ఫోను అన్నది, సన్నగా, అదే గొంతులతో, అదే డప్పు దెబ్బతో:

"జై తెలంగాణ!"

సీఐ మొహంలోని నవ్వు అట్లాగే ఉండిపోయింది, కళ్లు మాత్రం మారిపోయాయి. కిటికీలో మళ్లీ నినాదం. ఒక్క ఊపిరి ఆగి, మళ్లీ ఫోన్లో అదే నినాదం. ఇక్కడి చప్పుడు బహ్రెయిన్ దాకా పోయి, తిరిగి ఇదే గదిలోకి వస్తోంది. అందుకే ఆ ఆలస్యం.

మజర్‌కు అప్పుడు తెలిసింది, తను కూడా సగమే పట్టుకున్నానని. చంపి పారిపోయాడనుకున్నాడు. బస్సు లేదు, రైలు లేదు, హైదరాబాద్ విమానాశ్రయానికి పోయే దారుల్లో అడుగడుగునా రాస్తారోకో. వాడు ఎక్కడికీ పోలేదు. మాట్లాడుతూ ఉండమని సీఐకి చేత్తో సైగ చేశాడు.

"ఆఁ... ప్రకాశ్..." సీఐ ఫోను నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "అన్నం... అన్నం తిన్నవా?"

"సార్?"

ఇంటి కప్పు మీద టంగుమంది. గ్లాసో చెంబో స్టీలుది చెయ్యి జారి పడి దొర్లింది. ఒక్క ఊపిరి. ఫోన్లో టంగుమంది, దొర్లింది.

ముగ్గురూ తలలు పైకెత్తారు. రుక్కమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గుసగుసగా అంది:

"పైన ఎవ్వలుండరు. మా మరిది అర్ర అది. తాళంచెవి ఆయన కాడ్నే ఉంటది."

సీఐ గడప దగ్గరున్న కానిస్టేబుల్‌ను చూపు తిప్పకుండా పిలిచాడు. పిస్తోలు మీదికి ఒక చెయ్యి పోయింది. రెండో చేతిలో ఫోను అట్లాగే ఉంది, దాని మీద అరచెయ్యి అడ్డం పెట్టాలన్న ధ్యాస కూడా లేదు.

"వ్యాను బంద్ జెయ్యమను. పాషా చేతులకున్న బేడీలు దీసి గిటు తే."

మాట బహ్రెయిన్‌కు పోయింది. పోయి పైకి వచ్చింది. ఫోన్లో ఎవరో ఊపిరి బిగబట్టినట్టయింది. టీఁ టీఁ టీఁ... లైన్ కట్టయింది.

పైన గడియ తీసిన చప్పుడైంది. ఈసారి ఫోన్లో రాలేదు. ప్రకాశ్ అడుగులై మెట్ల మీదికే వచ్చింది, కింద సీఐ కాచుకుని ఉన్నాడు.

*

ఆఁ, ఉన్నారా లైన్లో? నాకైతే రాస్తుంటేనే చెమటలు పట్టాయి. ఒక్క పని చేసి పెట్టండి. మీ వాళ్లు బహ్రెయిన్‌లోనో, మస్కట్‌లోనో, సౌదీలోనో ఉంటారు కదా, శుక్రవారం సెలవు రోజు వాళ్లకు ఇది పంపండి, రూములో అందరికీ చదివి వినిపించమనండి. ఇంట్లో అక్కాచెల్లెళ్లకు కూడా చూపించండి. ఎవరికి పంపారో కింద ఒక మాట రాస్తే నాకు సంతోషం. ఉంటా మరి, బ్యాటరీ అయిపోతోంది.